బడ్డీ లేకుండా స్కూబా డైవ్ చేయవచ్చా?

స్కూబా డైవింగ్‌లో తొలి స్థాయి అయిన ఓపెన్ వాటర్ సర్టిఫికెట్ పొందాననీ, జతగా దిగే బడ్డీ ప్రతి వారాంతం దొరకడం లేదనీ, కాబట్టి కాలిఫోర్నియా తీరంలోని మాంటెరేలో బ్రేక్‌వాటర్ (అలలను ఆపే రాతి గోడ) వద్ద ఒడ్డు నుంచి ఒంటరిగా దిగవచ్చా అనీ మీరు అడిగారు. ఇప్పుడైతే దిగవద్దన్నది నా సమాధానం. ఎన్నటికీ దిగకూడదని మాత్రం అనను. శాన్ హోసేలో ఉద్యోగం చేస్తూ సెలవు రోజుల్లో మాంటెరే వెళ్లే నేను, అందుకు తగిన శిక్షణ పొందిన తర్వాత, అదే బ్రేక్‌వాటర్ గోడ వెంట ఒంటరిగా దిగుతూ ఉంటాను.

శిక్షణ సంస్థలన్నీ ఒంటరి డైవింగ్‌ను నిషేధించాయన్న మాట నిజం కాదు. ఎస్‌డీఐ సంస్థలో సోలో డైవర్ కోర్సు, పాడీ సంస్థలో సెల్ఫ్ రిలయంట్ డైవర్ కోర్సు ఉన్నాయి. రెండింటికీ లాగ్‌బుక్‌లో కనీసం 100 డైవ్‌లు, ఓపెన్ వాటర్‌కు పై స్థాయి అర్హత ఉండాలి. మొదటిదానికి 21 ఏళ్లు, రెండోదానికి 18 ఏళ్లు నిండి ఉండాలి. ఈ నూరు డైవ్‌ల నిబంధన వెనుక అర్థం ఉంది. మాస్క్‌లోకి నీళ్లు వచ్చినా, సిలిండర్ గాలిని నోటికి అందించే రెగ్యులేటర్ జారిపోయినా, ఆలోచన కోసం ఆగకుండా చేతులు తమ పని తాము చేసుకుపోయే అలవాటు కొత్తవారికి ఉండదు. ఇద్దరున్నప్పుడు ఆ తడబాటును రెండో మనిషి కాచుకుంటాడు. ఒక్కరే ఉన్నప్పుడు తడబాటు భయమవుతుంది, భయం వల్ల శ్వాస వేగమవుతుంది, ఉండవలసిన దానికన్నా చాలా ముందే సిలిండర్ ఖాళీ అవుతుంది.

అలాగని పక్కన ఎవరో ఒకరు ఉంటే చాలుననుకోవడం కూడా పొరపాటే. ఒకసారి పడవలో నాకు పరిచయం లేని ఒక ఫోటోగ్రాఫర్‌ను జతగా ఇచ్చారు. మాంటెరేలో నీటి అడుగున నాలుగైదు మీటర్లకు మించి కనిపించని రోజులు చాలా ఉంటాయి. ఆయన ఒక చిన్న జీవి ముందు కెమెరాతో ఆగిపోగా, దిగిన కాసేపటికే ఒకరికొకరం కనిపించకుండా పోయాం. ఒక నిమిషం వెతికి, దొరకకపోతే పైకి వెళ్లి కలుసుకోవాలన్న నియమం ప్రకారం నేను పైకి వచ్చాను. ఆయన తన డైవ్ పూర్తి చేసుకునే వచ్చారు. ఆ సమయమంతా ఆయన ఒంటరే, అదీ ఒంటరితనానికి కావలసిన ఏ పరికరమూ లేకుండా. అపరిచిత బడ్డీతో చేసే డైవ్‌లలో ఎన్నో ఇలాంటివే అని నా అభిప్రాయం.

ఒంటరిగా దిగడానికి ధైర్యం కన్నా గాలి లెక్క ముఖ్యం. బడ్డీ మనకిచ్చే అతి విలువైన సహాయం ఆయన వీపు మీది సిలిండర్. ఆయన లేనప్పుడు ఆ రెండో గాలి వనరును మనమే మోయాలి. దానినే పోనీ బాటిల్ అంటారు: సొంత రెగ్యులేటర్, సొంత గేజ్ ఉన్న చిన్న సిలిండర్. అది ఎంత ఉండాలో ఇలా లెక్క వేస్తాను. కంగారులో ఉన్న మనిషి నీటి పైన నిమిషానికి 30 లీటర్లు పీలుస్తాడనుకుంటే, 18 మీటర్ల లోతులో పీడనం 2.8 రెట్లు కాబట్టి నిమిషానికి 84 లీటర్లు ఖర్చవుతాయి. సమస్యను సరిచేసుకోవడానికి రెండు నిమిషాలు, నిమిషానికి 9 మీటర్ల వేగంతో పైకి రావడానికి రెండు నిమిషాలు, 5 మీటర్ల వద్ద మూడు నిమిషాల సేఫ్టీ స్టాప్ (పైకి వచ్చే ముందు జాగ్రత్త కోసం ఆగడం) కలిపితే సుమారు 420 లీటర్లు కావాలి. నిజమైన అత్యవసరంలో సేఫ్టీ స్టాప్ మానేయవచ్చు గానీ, లెక్కలోంచి దాన్ని తీసేయను. 19 ఘనపుటడుగుల బాటిల్‌లో దాదాపు 540 లీటర్లు పడతాయి, కాబట్టి సరిపోతుంది. 13 ఘనపుటడుగులది చాలదు. అరచేతిలో ఇమిడే 3 ఘనపుటడుగుల సీసాలు చూడముచ్చటగా ఉంటాయి, కానీ ఆ లోతులో అవి ఒక్క నిమిషం వస్తే గొప్ప. దిగే ముందు పోనీ బాటిల్ గేజ్ చూడడం, దాని రెగ్యులేటర్‌ను మెడకు కట్టుకోవడం, పొరపాటున ప్రధాన సిలిండర్ అనుకుని దానినే పీలుస్తూ దిగకుండా ప్రత్యేకంగా సరిచూసుకోవడం తప్పనిసరి.

చిక్కుకోవడం ఇక్కడ రెండో ప్రమాదం. మాంటెరేలో జెయింట్ కెల్ప్ అనే పొడవాటి సముద్రపు నాచు దట్టంగా పెరుగుతుంది. అది కాలికి తొడిగే ఫిన్‌కో సిలిండర్ వాల్వ్‌కో చుట్టుకుంటే గిరగిరా తిరగకుండా ఆగి, దాని కాడను పుల్ల విరిచినట్టు మడిచి విరిస్తే తెగిపోతుంది. చేపల గాలపు దారం అలా తెగదు. దాని కోసం రెండు చేతుల్లో దేనికైనా అందేలా రెండు చోట్ల కత్తెరలో కట్టర్లో పెట్టుకుంటాను. లోతు, సమయం చూపే డైవ్ కంప్యూటర్ రెండోది, అదనపు మాస్క్, నేనున్న చోటును నీటి పైన చూపే సర్ఫేస్ మార్కర్ బుయా కూడా వెంట ఉంటాయి.

ఏ పరికరమూ తీర్చలేని లోటు ఒకటి ఉంది, దాన్ని దాచి మీకు సలహా ఇవ్వడం న్యాయం కాదు. నీటి అడుగున గుండెపోటు వచ్చినా, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరే ఇమ్మర్షన్ పల్మనరీ ఎడీమా వచ్చినా, స్పృహ తప్పినా, నోట్లో రెగ్యులేటర్‌ను నిలిపి పైకి తీసుకొచ్చేవారు ఉండరు. రక్తపోటు, గుండె జబ్బు, ఫిట్స్ ఉన్నవారు ఒంటరి డైవింగ్ ఆలోచనే పెట్టుకోకూడదు. నేను ఏటా వైద్య పరీక్ష చేయించుకుంటాను. పైకి వచ్చే సమయం కాగితం మీద రాసి ఒడ్డున మా ఆవిడకు ఇస్తాను. ఆ గడువు దాటి అరగంటైతే ఆమె 911కు ఫోన్ చేస్తుంది. దానివల్ల నా ప్రాణం దక్కుతుందన్న భరోసా లేదు, వెతకడం మాత్రం ఆలస్యం కాదు.

ఒంటరిగా ఉన్నప్పుడు 18 మీటర్లు దాటను, రాత్రి దిగను, కొత్త చోట దిగను, ఓడ శిథిలాల్లోకి వెళ్లను. మాంటెరేకు దగ్గరలోని పాయింట్ లోబోస్ రక్షిత ప్రాంతంలో డైవర్లను జట్లుగానే అనుమతిస్తారు కాబట్టి అక్కడికి తోడు ఉంటేనే వెళతాను. సెలవుల్లో ఇండియా వెళ్లి అండమాన్‌లోని హేవ్‌లాక్‌లోనో కర్ణాటక తీరంలోని నేత్రాణిలోనో దిగాలనుకుంటే అక్కడ పడవ, గైడ్ నిర్వాహకులవే కాబట్టి ఈ ప్రశ్నే సాధారణంగా రాదు.

మీరు ముందు అడ్వాన్స్‌డ్, ఆ తర్వాత రెస్క్యూ డైవర్ కోర్సులు చేయండి. ఆ తరగతుల్లో పరిచయమైనవారిలో మీ ఊరికి దగ్గరగా ఉండే ఒకరితో నెలకో రెండు నెలలకో తేదీ ముందే ఖాయం చేసుకోండి. ప్రతి వారం కొత్త మనిషిని వెతుక్కోవడం కన్నా అది సులువు. పోనీ బాటిల్‌ను కూడా ఇప్పుడే కొని, ఆ బడ్డీతో దిగేటప్పుడే వాడడం అలవాటు చేసుకోవచ్చు.