ఆన్‌లైన్ టీమ్ గేముల్లో ట్యాంక్‌గా, అంటే టీమ్ తరఫున దెబ్బలు కాచేవాడిగా, ఆడటానికి ఏ క్లాస్ (పాత్ర రకం) పనికొస్తుంది? హెల్త్ ఎక్కువుంటే చాలదా?

చాలదు. ఎంవీపీ కాలనీలో మా తమ్ముడు నన్నడిగినా ఇదే చెప్పాను.

విశాఖ హార్బర్‌కి డాల్ఫిన్స్ నోస్ కొండ ఎలాగో, టీమ్‌కి ట్యాంక్ అలాగ. అలల పోటు కొండ కాస్తే లోపల ఓడలు నిశ్చింతగా ఉంటాయి. అయితే దెబ్బను తగ్గించగలగడం వేరు, ఊరికే ఓర్చుకోవడం వేరు.

మీ హెల్త్ 10,000, బాస్ (పెద్ద శత్రువు) దెబ్బ 4,000 అనుకోండి. మూడో దెబ్బకి పోతారు. హెల్త్ 20,000 చేస్తే ఐదో దెబ్బ దాకా ఉంటారు. హెల్త్ పెంచకుండా కవచంతో దెబ్బని సగానికి తగ్గించినా ఐదో దెబ్బ దాకానే. కానీ ఈసారి హీలర్ (టీమ్ హెల్త్ నింపేవాడు) ఒక్కో దెబ్బకి 4,000 కాదు, 2,000 నింపితే చాలు. పెద్ద ఫైట్‌లో హీలర్ మానా (స్కిల్స్‌కి ఖర్చయ్యే శక్తి) మిగిలేది ఇక్కడే. అందుకే షీల్డ్, కవచం, తప్పించుకునే స్కిల్స్ ముందు చూడండి.

అంతకన్నా ముఖ్యం, బాస్ మీ మీదికే రావడం. చాలా గేముల్లో ఎవరు ఎంత డ్యామేజ్, ఎంత హీలింగ్ చేశారో బట్టి బాస్ కోపం లెక్కకడతారు. ఆ లెక్కలో మీరు పైనుండాలి. బాస్ వేరేవాళ్ల వైపు తిరిగితే వెంటనే మీ వైపు లాక్కోవడానికి టాంట్ అనే స్కిల్ ఉండాలి. 2004లో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో మొదట్లో పాలడిన్ అనే క్లాస్‌కి షీల్డూ బరువైన కవచమూ ఉన్నా టాంట్ లేదు. పెద్ద రెయిడ్లలో (చాలామంది కలిసి బాస్‌ల మీద చేసే దాడుల్లో) ముందు నిలబడింది ఎక్కువగా వారియర్ క్లాసే. ఎలుగుబంటిగా మారే డ్రూయిడ్ క్లాస్‌కి షీల్డ్ లేదు, అయినా కవచం, టాంట్ ఉన్నాయి కాబట్టి ట్యాంక్‌గా నెగ్గుకొచ్చింది.

కొత్తవాళ్లకైతే నా ఓటు షీల్డ్ ఉన్న క్లాస్‌కే.