గవర్నమెంట్ ప్రైమరీ స్కూల్లో వారానికో ప్రోగ్రాం: దేనికి తప్పకుండా వెళ్లాలి, దేనికి వెళ్లకపోయినా పర్లేదు?

మీరు అడిగినవి మూడు. జూన్‌లో పాపని ప్రైవేటు స్కూల్ మాన్పించి ఊళ్లో ఎంపీపీ స్కూల్లో, అంటే మండల పరిషత్ వాళ్ల గవర్నమెంటు బడిలో, రెండో తరగతిలో వేశారు, అప్పట్నుంచి ఎప్పుడు చూసినా ఏదో ఒక ప్రోగ్రామే, అసలు చదువు సాగుతోందా లేదా అని మీ అనుమానం. మొగుడూ పెళ్లాం ఇద్దరూ రోజు పనికి పోయేవాళ్లు కాబట్టి ఇక మీదట వచ్చేవాటిలో దేనికి పని మానుకుని వెళ్లాలో తెలియాలి. వార్షికోత్సవానికి చందా అడుగుతున్నారు, ఇవ్వాలా వద్దా.

మాది పశ్చిమ గోదావరి జిల్లాలో చిన్న ఊరు. నా పిల్లలిద్దరూ ఇలాంటి బడిలోనే, పెద్దోడు ఐదో తరగతి, చిన్నది రెండో తరగతి. నేను ఇంట్లో మిషను కుడతాను, బడి కమిటీలో మెంబర్‌ని కూడా, కాబట్టి లోపల ఏం జరుగుతుందో కాస్త తెలుసు.

ముందు చదువు సంగతి. ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం, సెప్టెంబర్ 5 టీచర్స్ డే, నవంబర్ 14 బాలల దినోత్సవం, డిసెంబర్ 22 గణిత దినోత్సవం, సంక్రాంతి ముందు ముగ్గులు, జనవరి 26 జెండా. వరసగా చెప్తే ఏడాదంతా పండగలా అనిపిస్తుంది గానీ ఇవి ఒక్కోటీ గంట, మహా అయితే ఒక పూట. బాలల దినోత్సవం నాడు మా బడిలో ఐదో తరగతి పిల్లలే చీరలూ పంచెలూ కట్టుకుని టీచర్లయి చిన్న క్లాసులకి పాఠం చెప్పారు. ఒకటో తరగతికి లెక్కలు చెప్పిన పిల్ల, టీచరమ్మ బెత్తంలేకుండా ఎలా నెట్టుకొస్తుందో అర్థమైందని ఇంటికొచ్చి చెప్పిందట. అలాంటి రోజు పోయిందని నేనైతే బాధపడను. శనివారం పాప సంచి లేకుండా వెళ్తే కూడా కంగారు పడకండి, 2025-26 విద్యా సంవత్సరం నుంచి ఆంధ్రలో శనివారం నో బ్యాగ్ డే పెట్టారు, ఆటలూ బొమ్మలూ కథలూ అన్నమాట.

నిజంగా టైం తినేది రెండు. ఒకటి, ప్రతి ప్రోగ్రాంకీ ఫొటోలు తీసి యాప్‌లో ఎక్కించడం. ఇద్దరు టీచర్లున్న బడిలో ఒకరు ఫోన్ పట్టుకుని నెట్‌వర్క్ కోసం గేటు దగ్గర నిలబడితే ఇంకొకరు ఐదు తరగతుల్నీ చూసుకోవాలి. దీనికి టీచర్లని తిట్టి లాభం లేదు, వాళ్లకే విసుగు. రెండోది వార్షికోత్సవం డాన్స్ ప్రాక్టీసు, దాని గురించి కింద రాస్తాను.

ఇక వెళ్లాల్సిన వాటిలో మొదటిది మెగా పీటీఎం, అంటే తల్లిదండ్రులూ టీచర్లూ కలిసే మీటింగ్. మొదటిసారి 2024 డిసెంబర్ 7న పెట్టారు, తర్వాత 2025 జులై 10న, 2025 డిసెంబర్ 5న మూడోది. రాష్ట్రమంతా ఒకే రోజు. బ్యానరు, మైకు, వచ్చిన పెద్దల ప్రసంగం, అమ్మలకి ముగ్గుల పోటీ, నాన్నలకి తాడు లాగుడు, పిల్లల పక్కన కూర్చుని భోజనం. చూడ్డానికి జాతరలా ఉంటుంది, అందుకే చాలామంది "ఆ, మీటింగే కదా" అని వెళ్లరు, వెళ్లినవాళ్లు కూడా భోంచేసి వచ్చేస్తారు. కానీ ఆ రోజు టీచరు మిమ్మల్ని పక్కన కూర్చోబెట్టుకుని పాప ప్రోగ్రెస్ కార్డు చూపించే ఐదు నిమిషాలు ఉంటాయి చూడండి, అసలు సరుకంతా అక్కడుంది.

ఆ డిసెంబర్ మీటింగ్‌కి మా పక్కింటి మామ్మగారు మనవడి కోసం వచ్చారు. వాడి అమ్మానాన్నలు హైదరాబాద్‌లో బిల్డింగు పనుల్లో ఉంటారు. కార్డు చేతికిస్తే ఆవిడ తిప్పి చూసి, "నాకు చదువు రాదమ్మా, ఈ కార్డు నేనేం చేసుకోను, వాడి చేత చదివించు, నేను వింటా" అన్నారు. టీచరు తెలుగు వాచకం తీసి ఇచ్చింది. వాడు వేలు పెట్టుకుని బాగానే చదువుకుంటూ వెళ్లాడు, "వర్షం" దగ్గర ఆగాడు. మళ్లీ మొదట్నుంచి మొదలెట్టాడు, మళ్లీ అక్కడే ఆగాడు. వాడి చెవులు ఎర్రబడ్డాయి. మామ్మగారు, "అదేంటి, అక్కడ గతుకుందా?" అన్నారు. అందరం నవ్వాం, వాడూ నవ్వాడు. వాడికి గుణింతాలు వచ్చేశాయి, ఒత్తులే రావట్లేదని, రోజూ రాత్రి ఒత్తులున్న పది మాటలు రాయించి పైకి చదివించమని టీచరు చెప్పింది. ఆవిడకి చదువు రాకపోయినా వాడు ఆగకుండా చదువుతున్నాడో లేదో వింటే తెలుస్తుంది కదా. ఇప్పుడు సాయంత్రం అరుగు మీద వాడి గొంతు మా ఇంటికి వినిపిస్తోంది.

మీరూ అదే చేయండి. "ఎలా చదువుతోందండీ" అని అడిగితే "బాగానే చదువుతోందండీ" అనే వస్తుంది, ఏ టీచరైనా అంతే చెప్తారు. మీ ఎదురుగా పాప చేత తెలుగు పుస్తకంలో నాలుగు లైన్లు చదివించమనండి, ఒక తీసివేత లెక్క చేయించమనండి. రెండో తరగతికి అది చాలు. ప్రైవేటు నుంచి వచ్చిన పిల్లలు చాలామంది ఇంగ్లీషు రైమ్స్ గడగడా చెప్తారు గానీ తెలుగు అక్షరాల దగ్గర తడబడతారు, మీ పాపకి అలా ఉంటే ఇప్పుడే తెలుసుకోవడం మంచిది. డిసెంబర్ మీటింగ్ పోయింది కదా అని వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఏ రోజైనా సాయంత్రం బడి వదిలే వేళకి వెళ్లి పది నిమిషాలు అడిగితే కాదనరు, పని పోగొట్టుకోనక్కర్లేదు.

భోజనం కూడా చూడండి. డొక్కా సీతమ్మ గారి పేరుతో పెడుతున్న మధ్యాహ్న భోజనంలో 2025 జూన్ నుంచి సన్నబియ్యం ఇస్తున్నారు, గుడ్డు, చిక్కీ, రాగి జావ ఉంటాయి. (మా గోదావరి వాళ్లకి ఆవిడ పేరు వినగానే ఒక గర్వం లెండి, లంకల గన్నవరంలో వేళాపాళా లేకుండా వచ్చినవాళ్లందరికీ అన్నం పెట్టిన తల్లి.) పిల్లలకి వడ్డించే ముందు టీచరుతో సహా ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లు రుచి చూడాలన్నది నియమం. మా కమిటీలో అమ్మలం వంతులేసుకున్నాం, ఎవరికి పని లేని రోజు వాళ్లు వెళ్తాం. మొదట్లో వంట చేసే ఆమెకి మమ్మల్ని చూస్తే మొహం మాడిపోయేది, తనిఖీకొచ్చామనుకుంది. పప్పు నీళ్లగా ఉందని ఒకరోజు గట్టిగానే అడిగితే, బిల్లులు ఆలస్యంగా వస్తాయి, కిరాణా కొట్లో అప్పు పుట్టట్లేదు, నేనేం చేయనని ఆమె కూడా గట్టిగానే చెప్పింది. అప్పటిదాకా మాకా సంగతే తెలీదు. కమిటీ తరపున ఎంఈవో (మండల విద్యాధికారి) ఆఫీసుకి కాగితం రాశాం, కొట్టాయనతో కూడా మాట్లాడాం. ఇప్పుడు పప్పు చిక్కబడింది, ఆమే మమ్మల్ని పిలిచి ఉప్పు సరిపోయిందా అని అడుగుతోంది.

ఇక వచ్చేవి చెప్తాను. ఫిబ్రవరిలో నులిపురుగుల మాత్ర వేస్తారు, చప్పరించి నమిలే అల్బెండజోల్ మాత్ర, ఏటా రెండుసార్లు, రెండోది ఆగస్టులో. దానికి మీరు వెళ్లక్కర్లేదు, పొద్దున ఏదైనా తినిపించి పంపండి, ఒంట్లో బాగోకపోతే ముందే టీచరుకి చెప్పండి. ఆ రోజు రాకపోతే తర్వాత మళ్లీ వేస్తారు. ఫిబ్రవరి 21 మాతృభాషా దినోత్సవం, 28 సైన్స్ డే, ఇవి పిల్లలవి, వెళ్తే సరదా, వెళ్లకపోతే నష్టం లేదు. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలవుతాయి, అది మీకు ముఖ్యం, ఎందుకంటే పాప మధ్యాహ్నమే అన్నం తిని ఇంటికొచ్చేస్తుంది, మీరిద్దరూ పనిలో ఉంటారు. ఎవరింట్లో ఉంచాలో ఇప్పుడే చూసుకోండి. మా వీధిలో నలుగురు పిల్లల్ని ఒకే ఇంట్లో కూర్చోబెడతాం. ఏప్రిల్ ఆఖర్లో సెలవులిచ్చే ముందు మార్కులు చూపిస్తారు, ఆ రోజు మాత్రం ఒకరైనా వెళ్లండి.

బడిలో ఆధార్ క్యాంపు పెడితే తప్పకుండా పంపండి. ఐదేళ్లు దాటిన పిల్లలకి వేలిముద్రలు, కంటిపాప, ఫొటో కొత్తగా తీయించాలి. ఐదు నుంచి ఏడేళ్ల లోపు ఎప్పుడూ ఉచితమే, ఏడు దాటి పదిహేను లోపు వాళ్లకి కూడా 2025 అక్టోబర్ నుంచి ఏడాది పాటు ఫీజు తీసేశారు. బడి రికార్డులో పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంటే అపార్ నంబర్ (ప్రతి విద్యార్థికీ ఇచ్చే ఐడీ నంబర్) దగ్గర ఇబ్బంది వస్తుంది. మీరు స్కూల్ మార్చారు కాబట్టి ఇంటిపేరు స్పెల్లింగు దగ్గర్నుంచి చూసుకోండి.

కమిటీ గురించి ఒక మాట. విద్యాహక్కు చట్టం ప్రకారం బడి కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తంలో సగం మంది ఆడవాళ్లు. మన దగ్గర ఒక్కో తరగతి నుంచి ముగ్గుర్ని ఎన్నుకుంటారు, రెండేళ్లు. 2024 ఆగస్టులో ఎన్నికలయ్యాయి, అంటే 2026 ఆగస్టుకి గడువు. కమిటీ ఎన్నిక రోజు ఒక్క పూట పని పోయినా వెళ్లండి. చేతులెత్తి ఎన్నుకోవడమే ఎక్కువ చోట్ల, పదిమంది కూడా రాకపోతే ఊళ్లో పార్టీ మనుషులు ఎవరి పేరు చెప్తే వాళ్లే అయిపోతారు. మీరే నిలబడినా బాగుంటుంది, రోజు కూలీకి వెళ్లేవాళ్లు కమిటీలో లేకపోతే మీటింగులన్నీ పొద్దున పదకొండింటికే పెడతారు. మేం పోట్లాడి మా మీటింగుని సాయంత్రానికి మార్పించుకున్నాం.

ఆఖరుది చందా. తప్పనిసరి కాదు. గవర్నమెంటు బడిలో చదువు ఉచితం, చందా ఇవ్వలేదని పిల్లని స్టేజీ ఎక్కనివ్వకపోవడం కుదరదు. పిల్లల్ని బడికి పంపే తల్లులకి ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనంలో 2025లో పదిహేను వేలకి పదమూడు వేలే పడ్డాయి కదా, ఆ రెండు వేలు దీనికే కదా అని ఎవరైనా అంటే, కాదు, అది బడి నిర్వహణకీ మరుగుదొడ్లకీ అని ఆపింది, వార్షికోత్సవానికి సంబంధం లేదు. బాత్రూములకి నీళ్లు రాకపోతే మాత్రం కమిటీలో ఆ డబ్బు సంగతి అడగండి.

ఇష్టముంటే యాభయ్యో వందో ఇవ్వండి, లేదంటే పనిచేసి పెట్టండి. మా బడిలో పోయినేడాది షామియానా, కుర్చీలు టెంట్ హౌస్ ఆయన ఊరికే ఇచ్చాడు, ఆ బడిలో చదువుకున్నవాడే. మైకు సెట్టు రామాలయం వాళ్లది. బహుమతులు గల్ఫ్‌లో ఉన్న కుర్రాళ్లు పంపారు. అసలు ఖర్చంతా ఎక్కడుందంటే డాన్స్ డ్రెస్సుల అద్దెలో. అంతకుముందు ఏడాది సినిమా పాటలకి తళుకుల డ్రెస్సులు టౌను నుంచి అద్దెకి తెచ్చారు, డబ్బు కట్టలేని పిల్లలు కింద కూర్చుని చప్పట్లు కొట్టారు. కట్టలేని వాళ్లలో బాగా ఆడే పిల్లలున్నారు. అది చూశాక కమిటీలో గొడవపడి అద్దె డ్రెస్సులు ఉండకూడదని తీర్మానం రాయించాం. కోలాటం పెట్టించాం, అమ్మల పాత చీరలు నేనే కత్తిరించి లంగాలు కుట్టాను, ఐదో తరగతి పిల్లలు బుర్రకథ చెప్పారు. ప్రాక్టీసు కూడా బడి వదిలాకే అని పెట్టుకున్నాం, క్లాసులు పోలేదు. ఒకరిద్దరు తల్లులకి సినిమా పాట లేదని కోపం వచ్చింది, వస్తే రానీండి.

ఇంకోటి అడిగి మరీ రాయించుకోండి: పిల్లల ఐటెమ్స్ ముందు, ప్రసంగాలు తర్వాత. ఆరింటికని పిలిచి పెద్దలొచ్చేసరికి ఎనిమిదిన్నర అయితే, మొహానికి పౌడరు రాసుకున్న ఒకటో తరగతి పిల్లలు స్టేజీ వెనకాల నిద్రపోతారు. మేం ఇప్పుడు టైముకి మొదలెట్టేస్తాం, వచ్చిన పెద్దలు వచ్చినప్పుడు మాట్లాడతారు.