బ్యాటా, జెర్సీయా? ముందు మీ అభిమాన ఆటగాడు ఎవరో చెప్పండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: బేస్‌బాల్ మీద ఈమధ్యే ఇష్టం పెరిగింది, ఒక మంచి వస్తువు కోసం 500 డాలర్ల వరకు పక్కన పెట్టారు, ఆటలో నిజంగా వాడిన బ్యాట్ తీసుకోవాలా, ఆటగాడు ఒంటి మీద వేసుకున్న జెర్సీ తీసుకోవాలా అన్నది తేల్చుకోలేకపోతున్నారు. నేను సిన్సినాటిలో ఉంటాను. కొన్నేళ్లుగా రెండూ కొంటున్నాను, కొన్నిటిని అమ్మాను కూడా. నా ఓటు బ్యాట్‌కే, అయితే కొన్ని షరతులున్నాయి.

మొదటిది, మీకు నచ్చినవాడు పిచర్, అంటే బంతి విసిరేవాడు అయితే ఈ చర్చే అనవసరం. 2022 నుంచి అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లోని రెండు లీగుల్లోనూ పిచర్ బదులు వేరే ఆటగాడు బ్యాటింగ్ చేస్తున్నాడు. బంతీ విసిరి, బ్యాటింగూ చేసే షోహెయ్ ఒటాని లాంటి వింత మనిషిని మినహాయిస్తే నేటి పిచర్‌కు సొంత బ్యాట్ అన్నదే ఉండదు. నిశ్చింతగా జెర్సీ కొనుక్కోండి. (ఒటాని బ్యాట్ 500 డాలర్లకు ఎవరైనా ఇస్తానంటే మాత్రం వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేయండి.)

బ్యాటర్ అయితే బ్యాట్ ఎందుకంటే, అది తన కథను తన ఒంటి మీదే రాసుకుంటుంది. నా దగ్గరున్న ఒక యాష్ చెక్క బ్యాట్ సంగతి చెబుతాను. పేరు మోసిన ఆటగాడిది కాదు, రెండు మూడు జట్లు మారి ఆట మానేసిన ఒక ఇన్‌ఫీల్డర్‌ది. పొడవు 34 అంగుళాలు. పిడి చివరి గుండు మీద నల్ల మార్కర్‌తో జెర్సీ నంబరు రాసి ఉంది. పిడికి కాస్త పైన పైన్ టార్ (పట్టు జారకుండా పూసే జిగట తారు) మందంగా పేరుకుపోయింది, ఇప్పటికీ ఎండాకాలంలో చేతికి అంటుతుంది. బ్యారెల్ మీద, అంటే బంతి తగిలే లావు భాగం మీద, బంతి కుట్ల అచ్చులు వాలుగా దిగబడి ఉన్నాయి. ఒకచోట బంతి మీద ముద్రించిన సిరా కూడా మరకగా అంటుకుంది. ఇంకొంచెం పైన పొట్టి పొట్టి గాట్లు కనిపిస్తాయి. బూట్ల అడుగున చిక్కుకున్న మట్టి రాలగొట్టడానికి బ్యాట్‌తో బూటును కొట్టినప్పుడు స్పైకులు చేసిన గాట్లు అవి. పక్కన సన్నగా ఆకుపచ్చ గీతలు, డగౌట్‌లో బ్యాట్లు పెట్టే ర్యాక్ రంగు రాసుకుని వచ్చినవి. పిడి దగ్గర వెంట్రుకవాసి పగులు. ఇవన్నీ ఒక్క బ్యాట్ మీద, సరైన చోట్లలో, సరైన మోతాదులో తెచ్చిపెట్టడం మోసగాడికి చాలా కష్టం. అంత కష్టపడి చిన్న ఆటగాడి బ్యాట్‌ను నకిలీ చేస్తే వాడికి కూలి కూడా గిట్టదు.

సరైన చోట్లు అన్నాను కదా. బ్యాటర్లకు చిన్నప్పుడే నేర్పుతారు, బ్రాండు ముద్ర పైకి ఉండేలా పట్టుకోవాలని. అలా పట్టుకుంటే బంతి ఆ ముద్రకు పావు చుట్టు అవతల తగులుతుంది. యాష్ బ్యాట్ అయితే చెక్క పొరల అంచు మీద, మేపుల్ అయితే పొరల ముఖం మీద దెబ్బ పడేలా కంపెనీలు ముద్ర వేసే చోటునే మారుస్తాయి. కాబట్టి బంతి మచ్చలన్నీ ముద్ర మీదే గుమిగూడి ఉన్నాయంటే నేనైతే ఆ బ్యాట్ ముట్టుకోను. అలాగే బ్యారెల్ అంతా అన్ని వైపులా సమానంగా మచ్చలు పడి ఉంటే, అది ప్రాక్టీసులో చేతులు మారిన బ్యాట్ కావచ్చు. చెక్క రకం కూడా కాలాన్ని చెబుతుంది. 2001లో బ్యారీ బాండ్స్ మేపుల్ బ్యాట్‌తో 73 హోమ్ రన్లు (క్రికెట్‌లో సిక్సర్ లాంటివి) కొట్టాక మేపుల్‌కు గిరాకీ పెరిగింది. పిడి మీద చిన్న సిరా చుక్క కనిపించే మేపుల్ బ్యాట్లు 2008 తర్వాతివి. విరిగిన మేపుల్ ముక్కలు మైదానంలోకి ఎగరడం ఎక్కువై, చెక్క పొరలు ఎంత నిటారుగా ఉన్నాయో చూసుకోవడానికి ఆ చుక్కను తప్పనిసరి చేశారు.

మీరు ఒహాయో, కెంటకీ వైపు వస్తే లూయీవిల్‌లోని లూయీవిల్ స్లగ్గర్ అనే బ్యాట్ల కంపెనీ మ్యూజియం చూడండి. బయట 120 అడుగుల ఉక్కు బ్యాట్ భవనానికి ఆనించి ఉంటుంది, ఫొటోలు అక్కడ అందరూ దిగుతారు. నాకు నచ్చేది లోపలి సంగతి: ఆటలో వాడిన పాత బ్యాట్‌ను చేతి తొడుగులు వేసి మన చేతికే ఇస్తారు. బరువు ఎక్కడ కూర్చుందో, పిడి ఎంత సన్నమో అక్కడ ఒక్కసారి తెలిస్తే ఆన్‌లైన్ ఫొటోలు చూసే కన్నే మారిపోతుంది. ఆ కంపెనీ మోడల్ నంబర్లు కూడా సరదాగా ఉంటాయి. మొదటి అక్షరం ఆ ఆకారం ఎవరి కోసం మొదట చేశారో వారి ఇంటిపేరుది. న్యూయార్క్ యాంకీస్ ఆటగాడు డెరెక్ జీటర్ తన కెరీర్ అంతా వాడిన పి72, ఆయన కోసం పుట్టింది కాదు. లెస్ పింకమ్ అనే మైనర్ లీగ్ (కింది స్థాయి) ఆటగాడి కోసం చేసిన మోడల్ అది. 2014లో జీటర్ రిటైరైనప్పుడు ఆ నంబరును కూడా రిటైర్ చేసి డీజే2 అని పేరు మార్చారు. ఏ ఆటగాడికి ఏ మోడల్, ఎంత పొడవు, ఎంత బరువు పంపారన్న రికార్డులు కంపెనీ దగ్గర ఉన్నాయి. పాత బ్యాట్లకు గ్రేడు ఇచ్చే నిపుణులు వాటితో పోల్చి చూస్తారు. మరీ పాతవాటిలో అందరూ వెతికేది పక్కన పెన్సిల్ రాత ఉన్న బ్యాట్లను. విరిగిన బ్యాట్‌ను ఆటగాడు ఫ్యాక్టరీకి తిరిగి పంపి ఇలాంటిదే ఇంకొకటి చేయమంటే, అక్కడి పనివాళ్లు బ్యారెల్ మీద అతని పేరు రాసి పెట్టుకునేవారు.

ఇక జెర్సీ. దాని ఇబ్బంది ఏమిటంటే, ఆట ముగిసిన రాత్రే లాండ్రీకి వెళ్తుంది. మట్టి, చెమట, పైన్ టార్ మరక, సాక్ష్యం అనుకున్నదంతా సబ్బునీళ్లలో పోతుంది. మిగిలేది అక్కడక్కడ లేచిన దారం, చిన్న చిరుగు, లోపలి ట్యాగు. ట్యాగును నకిలీ చేయడం బ్యాట్ మీద గాట్లు పెట్టడం కన్నా చాలా తేలిక. పాత జెర్సీలతో ఇంకో చిక్కు ఉంది. ఒకప్పుడు పెద్ద జట్టు సీజన్ అయ్యాక తన జెర్సీలను కింది స్థాయి జట్లకు పంపేది. వాళ్లు నంబర్లు విప్పి వేరేవి కుట్టుకునేవారు. ఇప్పుడు మార్కెట్లోకి వచ్చే పాత జెర్సీ మీది అక్షరాలు అసలువా, తర్వాత ఎవరో తిరిగి కుట్టినవా అన్నది చూడాలి. బట్టను బట్టి కాలం చెప్పడం మాత్రం సులువు. 1970లో పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టు సాగే నిట్ బట్టకు మారేదాకా అందరూ వేసవి ఎండలో ఉన్ని ఫ్లానెల్ వేసుకునే ఆడారు, పాపం. 2024లో నైకీ కొత్త నమూనా తెచ్చినప్పుడు వీపు మీది పేర్లు చిన్నవైపోయాయని ఆటగాళ్లే గొణిగారు. ఆ ఏడాది జెర్సీని అందుకే దూరం నుంచే గుర్తుపట్టవచ్చు.

అయితే జెర్సీకి ఒక బ్రహ్మాస్త్రం ఉంది, ఫొటో మ్యాచ్. న్యూయార్క్ యాంకీస్ చారల జెర్సీనే తీసుకోండి. ప్రతి జెర్సీలో చారలు భుజం కుట్టు దగ్గర ఒక్కో రకంగా కలుస్తాయి, నంబరు అంచుకు ఒక్కో దూరంలో తగులుతాయి. ఆ రోజు పత్రికా ఫొటోగ్రాఫర్ తీసిన స్పష్టమైన చిత్రంలో అదే అమరిక కనిపిస్తే ఆ జెర్సీ ఫలానా రోజు ఫలానా ఇన్నింగ్స్‌లో అతని ఒంటి మీద ఉందని చెప్పవచ్చు. బ్యాట్‌ను కూడా చెక్క పొరల గీతలతో ఇలా సరిపోల్చవచ్చు గానీ, గాల్లో తిరిగే బ్యాట్ ఫొటోలో చాలాసార్లు మసకగానే పడుతుంది. ఈ బలం ఎంతటిదో యాంకీస్ పాతకాలపు దిగ్గజం బేబ్ రూత్ జెర్సీ చూపించింది. 1932 అక్టోబరు 1న షికాగోలో, వరల్డ్ సిరీస్ (ఏడాది చివరి ఫైనల్ పోటీ) మూడో ఆటలో, స్టాండ్స్ వైపు వేలు చూపి హోమ్ రన్ కొట్టాడని చెప్పుకునే రోజు వేసుకున్నది. 2005లో 9,40,000 డాలర్లకు అమ్ముడైంది. ఆ తర్వాత ఫొటోలతో పోల్చి అది ఆ రోజుదేనని నిపుణులు తేల్చారు, 2024 ఆగస్టులో 2 కోట్ల 41 లక్షల డాలర్లు పలికింది. అదే రూత్ 1923లో యాంకీ స్టేడియంలో మొట్టమొదటి హోమ్ రన్ కొట్టిన బ్యాట్ 2004లో 12,65,000 డాలర్లకు పోయింది. ఇరవై ఏళ్ల తేడా ఉంది కాబట్టి ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి తూచకండి. కానీ రూత్ కాలం నాటి జెర్సీలు బ్యాట్ల కన్నా అరుదు అన్నది నిజం. బ్యాట్లు విరుగుతుంటే కొత్తవి తెప్పించుకుంటూనే ఉంటారు, నేటి ఆటగాడు సీజన్‌కు వందకు పైగా తెప్పించుకుంటాడు. జెర్సీలు ఏడాదికి కొన్నే. అలా మిగిలిన కొద్ది రూత్ జెర్సీలలో ఒకదాన్ని 2003లో ఒక కార్డుల కంపెనీ కత్తిరించి ముక్కలను కార్డుల్లో అతికించింది. ఆ పని చేసినవాళ్ల మీద నాకింకా కోపం తగ్గలేదు.

మీ 500 డాలర్లకు మాత్రం ఈ కోట్ల గొడవ వర్తించదు. మీరు కొనేది 2001 తర్వాతి వస్తువే అయి ఉంటుంది, కాబట్టి ముందు చూడాల్సింది మేజర్ లీగ్ వారి హోలోగ్రామ్ స్టిక్కర్. నకిలీ సంతకాల ముఠాల మీద ఎఫ్‌బీఐ దాడులు చేశాక 2001లో ఆ పద్ధతి మొదలైంది. ప్రతి ఆటలోనూ వారి మనిషి ఉంటాడు. ఎక్కువ మంది పోలీసు శాఖల్లో పనిచేస్తున్నవారు, పనిచేసి రిటైరైనవారు. తన కళ్ల ముందు ఆటలోంచి వచ్చినదానికే స్టిక్కర్ వేస్తాడు. పీకితే చిరిగిపోయే స్టిక్కర్ అది. దాని మీది నంబరును లీగ్ వెబ్‌సైట్‌లో కొట్టి, అక్కడ ఏమి రాసి ఉందో నిదానంగా చదవండి. ఆటలో వాడినదని ఉందా, జట్టు ఇచ్చినదని మాత్రమే ఉందా అన్నది ముఖ్యం. రెండోదానికి అర్థం, ఆటగాడి కోసం తయారైంది గానీ మైదానం తొక్కిందో లేదో ఎవరూ చూడలేదని. అమ్మేవాళ్లు ఈ తేడా మీద పెద్దగా మాట్లాడరు. నాకు ఒక జెర్సీ అమ్మజూపిన దుకాణదారు అయితే ఫోన్లో నంబరు చూస్తుంటే మాట మార్చి వాతావరణం గురించి ఎత్తుకున్నాడు.

ఈ స్టిక్కర్ ఉన్న సగటు ఆటగాడి విరిగిన బ్యాట్ వంద, నూటయాభై డాలర్లకు దొరకడం నేను చాలాసార్లు చూశాను. విరిగిందని చిన్నచూపు వద్దు. పిచర్ బంతికి విరిగిందంటే ఆటలో ఉన్నట్టే కదా. అదే స్థాయి ఆటగాడి జెర్సీ రెండింతలో మూడింతలో ఉంటుంది. దాని మీద ఫ్రేమ్ ఖర్చు వేరు, మంచి గాజుతో కట్టిస్తే కొన్నిసార్లు జెర్సీ ధరను దాటుతుంది. ఫ్రేమ్ వద్దనుకుంటే మన పట్టుచీరల పద్ధతే: పల్చటి ఆమ్లరహిత కాగితం మధ్య పెట్టి, అప్పుడప్పుడు మడత మార్చి, ఎండ తగలకుండా ఉంచండి. ఉతకవద్దు, మరక ఉంటే మురిసిపోండి. బ్యాట్‌కు గోడ మీద రెండు కొక్కేలు చాలు, కిటికీకి ఎదురుగా మాత్రం కాదు. పైన్ టార్ జిగటగా ఉందని ఇంట్లోవాళ్లు తుడిచేయకుండా ముందే చెప్పి ఉంచండి.

కొనడానికి జట్ల సొంత వేలాలు, స్టేడియంలోని దుకాణాలు మొదట చూడండి. సీజన్ చివర్లో ధరలు దిగుతాయి, నేను కొన్నవాటిలో ఎక్కువ అప్పుడు కొన్నవే. ఒక బ్యాట్ కొనగా డబ్బు మిగిలితే, తొందరపడి రెండోది కొనకుండా మొదటిదాన్ని కొన్నాళ్లు చేతిలో తిప్పి చూసుకోండి. ఇండియా తీసుకెళ్లే ఆలోచన ఉంటే ఒక్క మాట: బ్యాట్‌ను విమానం క్యాబిన్‌లోకి రానివ్వరు, చెక్ఇన్ సామానులోనే వేయాలి. జెర్సీని మాత్రం చేతి సంచిలో పెట్టుకుని పోవచ్చు.