పాత కారుకు రిపేరా, కొత్త కారుకు లోనా?

ప్రశ్న: మా కారు కొని ఏడేళ్లు నిండాయి. దానిమీద అప్పేమీ లేదు. పికప్ తగ్గింది, మైలేజీ పడిపోయింది. మెకానిక్ చెప్పిన రిపేరు ఖర్చు, ఇప్పుడు కారుకు వచ్చే రేటులో పావు వంతు ఉంది. అంత పెట్టే బదులు అమ్మేసి, లోన్ తీసుకుని కొత్తది కొనడం మంచిదా?

జవాబు: తొందరపడి అమ్మకండి. రిపేరు బిల్లును కారుకు వచ్చే రేటు పక్కన పెట్టి చూస్తున్నారు కాబట్టి అది దండగలా కనిపిస్తోంది. కొత్త కారుకు మొదటి ఏడాది అయ్యే ఖర్చు పక్కన పెట్టి చూడండి.

కారు విలువ అన్నేళ్లూ ఒకేలా తగ్గదు. లెక్క కోసం కొత్త కారు ధర 100 అనుకుందాం, ఏటా ఉన్న విలువలో 15 శాతం పోతుందనుకుందాం. మొదటి ఏడాదే 15 పోతుంది. ఏడేళ్లకు 32 మిగులుతుంది, ఎనిమిదో ఏట పోయేది 5 లోపే. 32లో పావు వంతు, అంటే మీ రిపేరు 8 కలిపినా 13 దాటదు. కొత్తదానికి తరుగుదలే 15. చాలా కార్లకు మొదటి ఏడాది ఇంతకన్నా ఎక్కువే పోతుంది. దానిపైన, పాతది అమ్మితే వచ్చే 32 పోను మిగతా 68కి లోన్ వడ్డీ, ఎక్కువ ఇన్సూరెన్స్ ప్రీమియం. ఈ రిపేరు ఏటా వచ్చేదీ కాదు.

పోయిన విలువ తిరిగి రాదు కానీ పోయిన పికప్ చాలాసార్లు వస్తుంది. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయినా, ఇంజెక్టర్లలో మడ్డి పేరుకున్నా, క్లచ్ జారినా, బ్రేకులు పట్టేసినా బండి ఈడ్చుకుంటూ నడుస్తుంది. ఇవన్నీ బాగుచేయగలిగినవే. టైర్లలో గాలి తక్కువున్నా మైలేజీ పడిపోతుంది, ముందు అది చూడండి.

భయపడాల్సింది ఇంజన్ లోపలి అరుగుదలకు. పిస్టన్ రింగులు, సిలిండర్ గోడలు అరిగితే కంప్రెషన్, అంటే సిలిండర్ లోపల ఏర్పడే ఒత్తిడి, తగ్గుతుంది, ఇంజన్ ఆయిల్ తాగుతుంది, నీలం పొగ వస్తుంది. అందుకే రిపేరుకు ఒప్పుకునే ముందు కంప్రెషన్ టెస్ట్ చేయించండి, వీలైతే మరో మెకానిక్ దగ్గర. రీడింగులు బాగుంటే రిపేరు చేయించి, ఇంకొన్నేళ్లు నడుపుకోండి. అన్ని సిలిండర్లలోనూ కంప్రెషన్ పడిపోయినా, ఛాసిస్‌ను తుప్పు తినేసినా నా సలహా వేరు. రిపేరు జోలికి పోకుండా, ఉన్నదున్నట్టు చెప్పి అమ్మేయండి. పెద్ద రిపేరుకు పెట్టిన డబ్బు అమ్మకం రేటులో పూర్తిగా రాదు.

కారు ఉంచుకుంటే, కట్టాల్సి వచ్చేదనుకున్న ఈఎంఐలో సగమైనా ప్రతి నెలా వేరే ఖాతాలో వేయండి. మళ్లీ రిపేరు వస్తే అందులోంచే తీయండి. మిగిలింది రేపు కొత్త కారు కొనేటప్పుడు లోన్ తగ్గించుకోవడానికి పనికొస్తుంది.