ముక్క ఎలా ఊడిందో చూడండి, బిళ్ల ఏం చేస్తుందో చూడండి

ప్రశ్న: చిప్, ఫ్లేక్, షార్డ్ అన్నీ చిన్న ముక్కలే కదా, ఏది ఎక్కడ వాడాలి? పల్చగా, గుండ్రంగా ఉండే వాటికి డిస్క్, వాషర్, వేఫర్, బ్లాంక్, టోకెన్ అని ఇన్ని పేర్లెందుకు?

సైజు చూసి తేల్చబోతే ఎప్పటికీ తేలదు. ముక్కయితే దేన్నుంచి ఎలా ఊడిందో చూడాలి. బిళ్లయితే ఏం పని చేస్తుందో చూడాలి. దాదాపు అన్నిచోట్లా ఇది సరిపోతుంది. సరిపోని చోట తప్పు ఇంగ్లీషు వాళ్లది.

గట్టిదాన్ని కొడితే ఎగిరేది చిప్. కప్పు అంచు పోయినా, ఉలి కింద గ్రానైట్ పలుకు లేచినా అదే మాట. మన సైట్లలో సన్న కంకరని బేబీ చిప్స్ అనడం అందుకే సరైన వాడుక. పొరగా లేచి రాలేది ఫ్లేక్, మనం పెచ్చు అంటాం. చెమ్మ పట్టిన గోడ సున్నం రాల్చేవి ఫ్లేకులే. కుండో గాజో పగిలితే పదునైన అంచులతో మిగిలే పెంకు షార్డ్. కర్ర పోగు వెంట నిలువునా చీలితే వచ్చే పేడు స్ప్లింటర్. వేలిలో గుచ్చుకునేది అదే. చిత్రిక పడితే చుట్టలు చుట్టుకుని వచ్చేవి షేవింగ్స్, ఆకురాయి కింద రాలే రజను ఫైలింగ్స్. పెచ్చు, పెంకు, పేడు, రజను, నుసి అని మనకి ఇన్ని మాటలుండగా అన్నిటినీ 'స్మాల్ పీస్' అని రాసేసి, ఆపైన తెలుగులో మాటలు లేవని వాపోవడం నాకు అస్సలు నచ్చదు.

లోహాన్ని తిప్పుతూ కోసే లేత్ మెషిన్ దగ్గర ఇంకో మెలిక ఉంది. టూల్ కోసిన ఒక్కో ముక్క చిప్, మెషిన్ కింద పోగుపడిన మొత్తం స్వార్ఫ్. స్వార్ఫ్‌కి బహువచనం లేదు. పోతఇనుము పెళుసు కాబట్టి పొట్టి ముక్కలుగా విరిగి రాలుతుంది. మైల్డ్ స్టీల్ అలా విరగదు, పొడుగాటి చుట్టగా సాగి జాబ్‌కి, అంటే కోస్తున్న వస్తువుకి, చుట్టుకుంటుంది, చేతికి తగిలితే కోస్తుంది. దాన్ని విరగ్గొట్టడానికే టూల్ కొసన బిగించే ఇన్సర్ట్ అనే కోత బిళ్ల మీద చిన్న గాడి ఉంటుంది. దాని పేరు చిప్ బ్రేకర్.

ఇక బిళ్లలు. హైదరాబాద్ బాలానగర్‌లో రేకు నుంచి వాషర్లు కొట్టే ఏ ప్రెస్ మెషిన్ ముందైనా కాసేపు నిలబడితే సగం పదాలు అక్కడే తేలిపోతాయి. 8 మి.మీ. బోల్టుకి వేసే ఎం8 సాదా వాషర్ ఐఎస్ఓ 7089 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం లోపలి రంధ్రం 8.4 మి.మీ., బయటి వ్యాసం 16, మందం 1.6. రేకు పట్టీలో ముందు 8.4 రంధ్రం కొడతారు. ఆ పని పియర్సింగ్. మనకి కావలసింది రంధ్రం కాబట్టి కింద పడిన బిళ్ల స్లగ్, నేరుగా తుక్కులోకి. తర్వాతి దెబ్బకి 16 మి.మీ. చుట్టూ తెగుతుంది. ఈసారి కావలసింది కింద పడేదే కాబట్టి ఆ పని బ్లాంకింగ్. రెండూ గుండ్రటి బిళ్లలే, ఒకే రేకువి. అయినా పేరు మారింది.

పేరుతో పాటు టూల్ కొలతలూ మారతాయి. పైనుంచి దిగి కొట్టేది పంచ్, అది దూరే కింది రంధ్రపు అచ్చు డై. రంధ్రం సైజుని పంచ్ నిర్ణయిస్తుంది, బ్లాంక్ సైజుని డై నిర్ణయిస్తుంది. 1.6 మందానికి పంచ్‌కీ డైకీ మధ్య ఒక్కో పక్క సుమారు 0.1 మి.మీ. సందు ఇస్తే, రంధ్రానికి పంచ్ 8.4, డై 8.6. బయటి అంచుకి డై 16, పంచ్ 15.8. ఇది తిప్పేస్తే రంధ్రం చిన్నదవుతుంది, లేదా వాషర్ బయటి వ్యాసం పెరుగుతుంది. సందు మరీ ఎక్కువైతే అంచుకి బర్, అంటే పదునైన గరుకు, లేస్తుంది. స్లగ్ చేసే అల్లరి వేరే. నూనె వల్ల పంచ్ మొహానికి అతుక్కుని పైకొచ్చి రేకు మీద పడుతుంది, తర్వాతి దెబ్బకి వాషర్ మీద గుంట. పంచ్ మధ్యలో స్ప్రింగ్ పిన్ను పెడితే అది స్లగ్‌ని కిందికి తోసేస్తుంది. డై కింది భాగం కొంచెం వెడల్పుగా జారుగా లేకపోతే స్లగ్‌లు ఒకదాని మీద ఒకటి బిగుసుకుని డైనే పగలగొడతాయి.

నాణేలదీ ఇదే వరస. 1903లో సైఫాబాద్‌లో మొదలై, 1997లో చర్లపల్లికి మారిన మన హైదరాబాద్ టంకశాల పేరు వినే ఉంటారు. ఏ టంకశాలలోనైనా లోహపు పట్టీ నుంచి కొట్టిన ఉత్త బిళ్ల బ్లాంక్. కాల్చి మెత్తబరిచి, అంచు పైకి లేపాక దాన్ని ప్లాంచెట్ అంటారు. అచ్చు పడ్డాకే కాయిన్. డబ్బుకి బదులుగా చెల్లితే టోకెన్, అది గుండ్రంగా లేకపోయినా టోకెనే.

వేఫర్‌కి పల్చదనమే ప్రాణం. 300 మి.మీ. వ్యాసమున్న సిలికాన్ వేఫర్ మందం 0.775 మి.మీ. దాన్ని కోస్తే వచ్చే చదరపు ముక్క డై. ప్రెస్ డైకి దీనికి సంబంధం లేదు. అదే ముక్కని చిప్ అని కూడా అంటారు, దాన్ని ఎవరూ కొట్టి ఊడగొట్టకపోయినా. ఇంగ్లీషు వాళ్ల తప్పు అన్నది ఇలాంటిదే. ఆలూ చిప్స్ కూడా అంతే. పల్చగా తరిగినవాటిని బ్రిటన్‌లో క్రిస్ప్స్ అంటారు, అక్కడ చిప్స్ అంటే లావుపాటి వేపుడు ముక్కలు.

స్పెల్లింగ్ విషయానికొస్తే, హార్డ్ డిస్క్ చివర కె, కాంపాక్ట్ డిస్క్ చివర సి. బ్రేక్ డిస్క్‌కి సి రాయండి.

రాణిగంజ్‌లో వాషర్లు కొనేవాళ్లకి ఒక మాట. ఇండెంట్‌లో, అంటే కావలసిన సరుకు రాసే చీటీలో, 'రౌండ్ ప్లేట్ విత్ హోల్' అని రాయకండి, ఉత్త 'ఎం8 వాషర్' అనీ రాయకండి. అదే 8.4 రంధ్రంతో 24 మి.మీ. వ్యాసం, 2 మందం ఉన్న పెద్ద వాషర్ కూడా ఉంది, స్ప్రింగ్ వాషర్ వేరే. రకం, రంధ్రం, బయటి వ్యాసం, మందం నాలుగూ రాయాలి. తూకానికి అమ్మేచోట రేకు మందం తగ్గిన సరుకు కలిసి రావచ్చు కాబట్టి, గుప్పెడు తీసి వెర్నియర్ పెట్టి చూశాకే డబ్బులివ్వండి.