పాత ట్యూబులు పోగేస్తున్న మేనకోడలికి

చిరంజీవి బుజ్జమ్మకు మావయ్య ఆశీస్సులు.

మీ అపార్ట్‌మెంట్‌లో ఇంటింటికీ తిరిగి మాడిపోయిన బల్బులు, ట్యూబులైట్లు పోగుచేసి రీసైక్లింగ్ వాళ్లకు అప్పగించబోతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం వేసింది తల్లీ. జీవితమంతా వైర్‌మన్‌గా చేశాను. దింపేసిన ట్యూబు ఆ తర్వాత ఏమవుతుందని ఆలోచించింది మనవాళ్లలో నువ్వొక్కదానివే. కానీ మీ అమ్మ చెప్పిన రెండో మాటకే నాకు టెన్షన్ పట్టుకుంది. వ్యాను వచ్చేదాకా అవన్నీ మీ బాల్కనీలో పెడుతున్నావట! మూడేళ్ల పిల్లాణ్ని ఇంట్లో పెట్టుకుని బాల్కనీలో ట్యూబులేంటమ్మా? ట్యూబుల్లో పాదరసం ఉంటుంది, అది విషం. ముందు ఆ ఆలోచన మానెయ్.

తేలిక సంగతులు త్వరగా చెప్పేస్తాను. లోపల తీగ వెలిగే పాత ఫిలమెంట్ బల్బులో పాదరసం ఉండదు, కాగితంలో చుట్టి విడిగా వేయించు. సీసాలతో కలపొద్దు, ఆ గాజు వేరు. ఎల్‌ఈడీలోనూ పాదరసం లేదు, కానీ లోపల సర్క్యూట్ బోర్డు ఉంటుంది కాబట్టి అది ఈ-వేస్ట్, అంటే ఎలక్ట్రానిక్ చెత్త. చాలాసార్లు లోపల కరెంటును సరిచేసి అందించే డ్రైవర్ అనే భాగమో, చిన్న చిప్పు ఒకటో పోయి ఆగిపోతుంది, అంతే. పారేసేముందు వీధిలో ఎలక్ట్రీషియన్‌కు ఒకసారి చూపించమను.

నా భయమంతా ట్యూబులు, సీఎఫ్‌ఎల్‌ల (సన్న ట్యూబును మెలితిప్పి చేసిన బల్బుల) గురించే. 2009 ప్రాంతంలో విశాఖలో పాత ఫిలమెంట్ బల్బు ఇస్తే సీఎఫ్‌ఎల్ ఇచ్చే పథకం నడిచింది. తర్వాత 2015లో ఉజాలా అనే ప్రభుత్వ పథకం కింద చవక ఎల్‌ఈడీలు వచ్చాక ఆ సీఎఫ్‌ఎల్‌లే అటకలెక్కాయి. ఒక్కో దాంట్లో పాదరసం 3 నుంచి 5 మిల్లీగ్రాములు ఉంటుంది. పాతకాలం జ్వరం థర్మామీటర్‌లో అర గ్రాము దాకా ఉండేది. అంచేత ఒక్క బల్బు పగిలిందని ఎవరూ బెంబేలెత్తనక్కర్లేదు. జాగ్రత్తగా ఎత్తేస్తే చాలు. అసలు ప్రమాదం మూసిన గదిలో వందలు పగిలినప్పుడు.

బాగా వినాల్సింది ఇది. విశాఖలో నేను పనిచేసిన ఒక పెద్ద ఆఫీసులో అన్ని అంతస్తుల్లోనూ ట్యూబులు దింపి ఎల్‌ఈడీలు బిగించారు. దింపిన నాలుగడుగుల ట్యూబులన్నీ మెట్ల కింద స్టోర్ రూములో పేర్చారు. చోటు చాలడం లేదని కాంట్రాక్టర్ ఒక హెల్పర్ కుర్రాణ్ని పెట్టి, వాటిని గోనెసంచుల్లో దూర్చి కర్రతో పగలగొట్టించాడు. లారీ ట్రిప్పులు కలిసొస్తాయని అతని లెక్క. అసలే కిటికీ లేని గది, పైగా చప్పుడు బయటికి రాకూడదని తలుపు కూడా వేయించాడు. నేను భోజనానికి కిందికి దిగేసరికి ఆ కుర్రాడు గుమ్మం ముందు క్యారేజీ విప్పుకుని కూర్చున్నాడు. కనుబొమల మీద తెల్లపొడి. గోళ్ల సందుల్లో, ముంజేతి వెంట్రుకల్లో తెల్లపొడి. ఆ చేత్తోనే పప్పన్నం కలుపుతున్నాడు. ట్యూబు లోపలి పూతలోనే పాదరసం పట్టుకుని ఉంటుందని అతనికి చెప్పిన నాథుడు లేడు. క్యారేజీ పక్కన పెట్టించి, కుళాయి దగ్గరికి తీసుకెళ్లి మోచేతుల దాకా సబ్బుతో కడిగించాను. కాంట్రాక్టర్‌తో పెద్ద గొడవైంది. “సున్నం లాంటి పొడికి ఇంత రాద్ధాంతమా?” అన్నాడు. సున్నమైతే నాకెందుకు బాధ? పాదరసం ఆవిరికి రంగుండదు, వాసనుండదు. నరాల మీద, మూత్రపిండాల మీద దెబ్బకొడుతుంది, అప్పటికప్పుడు ఏమీ తెలియనివ్వదు. అప్పటికే సగం సంచులు లారీ ఎక్కి ఎక్కడికో పోయాయి. కుర్రాణ్ని ఇంకో సైటుకు పంపేశారు. ఎలా ఉన్నాడో ఇప్పటికీ నాకు తెలీదు బుజ్జమ్మా, తలుచుకుంటే మనసు పాడవుతుంది.

పగలగొడితే చోటు కలిసొస్తుందని మీ అపార్ట్‌మెంట్‌లోనూ ఎవరో ఒకరు అంటారు. ఒప్పుకోకు. ట్యూబులు కొన్న అట్టపెట్టెలుంటే వాటిలోనే పెట్టించు. ఒకదానికొకటి టేపు వేసి కట్టొద్దు, విప్పేటప్పుడే పగులుతాయి. వాచ్‌మన్ పిల్లలు ఆడుకునే సెల్లార్‌లో కాకుండా, గాలి ఆడే చోట, తాళం వేసి ఉంచు. ఆ తాళంచెవి నీ దగ్గరే ఉండాలి.

పొరపాటున ఇంట్లో ఒకటి పగిలిందనుకో, పిల్లాణ్ని ఎత్తుకుని బయటికి వచ్చెయ్. ఫ్యాను, ఏసీ ఆపి, కిటికీలు తెరిచి, పావుగంట ఆగు. చీపురు పట్టుకోవద్దు, వాక్యూమ్ క్లీనర్ అసలే వద్దు. రెండూ ఆ పొడిని గదంతా పరుస్తాయి. గట్టి అట్టముక్కతో పెంకులు ఎత్తి, మిగిలిన పొడిని టేపుతో అద్ది, తడి కాగితంతో తుడిచి, అన్నీ మూత గట్టిగా పడే గాజుసీసాలో వెయ్. చేతులు కడుక్కో.

ఇక ఆ వ్యాను సంగతి. అందరు ఈ-వేస్ట్ వాళ్లూ ట్యూబులు తీసుకోరు, ముందే అడుగు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలవుతున్న నిబంధనల ప్రకారం రీసైక్లింగ్ చేసేవాళ్లు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దగ్గర నమోదై ఉండాలి. ఆ కాగితం చూపించమను, మొహమాటపడకు. సరిగ్గా చేసేవాళ్లయితే ట్యూబును మూసిన యంత్రంలో, లోపలి గాలిని బయటికి పోనివ్వకుండా పీల్చుకుంటూ చూర్ణం చేస్తారు. గాజు, అల్యూమినియం మూతలు, పొడి వేటికవి విడిపోతాయి. పొడిని వేడిచేసి పాదరసం తిరిగి పడతారు. పాత సామాన్లవాడు ఎక్కువ డబ్బిస్తానన్నా సరే, ఇవ్వకు. ఆ మూతల కోసం ట్యూబును గోడకేసి కొడతాడు, వాడి పిల్లలు పక్కనే ఉంటారు. మిగిలింది చెత్తకుప్పలోకి, అక్కణ్నుంచి వాన నీటితో చెరువులోకి, చేపల్లోకి పోతుంది. జపాన్‌లో మినమాటా ఊరివాళ్ల జబ్బు 1956లో బయటపడింది కూడా ఫ్యాక్టరీ వదిలిన పాదరసం చేపల్లోకి చేరబట్టే. పాదరసం వాడకం తగ్గించడానికి ఆ ఊరి పేరుతో వచ్చిన అంతర్జాతీయ ఒప్పందంలో మన దేశమూ ఉంది. ఇళ్లలో వాడే ట్యూబులైట్ల తయారీని 2027 కల్లా ఆపేయాలని 2023లో అందులోని దేశాలన్నీ ఒప్పుకున్నాయి. అంటే రాబోయే కొన్నేళ్లలో పాత ట్యూబులన్నీ ఒక్కసారిగా కిందికి దిగుతాయి. నువ్వు మంచి సమయంలోనే మొదలుపెట్టావు.

వ్యాను ఏ రోజు వస్తుందో చెప్పు, ముందురోజే హైదరాబాద్ బస్సెక్కుతాను. లోడింగ్ దగ్గర నేనుంటాను, నువ్వు పిల్లాడితో పైనే ఉండు. బాల్కనీ ఖాళీ చేసి ఇవాళే నాకు ఫోటో పెట్టు.

మీ మావయ్య