రంగు త్వరగా ఆరాలంటే

చిరంజీవి బుజ్జికి,

పెదనాన్న ఆశీస్సులు. హాలుకీ రెండు గదులకీ రంగులు నువ్వే వేసుకుంటానన్నావు, చాలా సంతోషం. ఆదివారానికల్లా సామాను లోపల పెట్టాలనీ, అప్పటికి ఆరదేమోనని టెన్షన్‌గా ఉందనీ, తొందరగా ఆరడానికి రంగులో ఏదైనా కలపొచ్చా అనీ అడిగావు. ఏమీ కలపకు. గోడలో చెమ్మ లేకుండా చూసుకో, కోటు పలచగా వెయ్యి, గదిలో గాలి ఆడనివ్వు. ఈ మూడూ కుదిరితే రంగు దాని టైముకి అదే ఆరుతుంది.

ముందు ఏ రంగు కొన్నావో చూడు. గోడలకి వేసే ఎమల్షన్ నీళ్లతో చేసినది. నీరు ఆవిరైపోయాక అందులోని సన్నటి రేణువులు ఒకదానికొకటి అతుక్కుని పొరగా మారతాయి. వాతావరణం బాగుంటే గంటలోపే చేతికి అంటదు, నాలుగు గంటలకి రెండో కోటు వేయొచ్చు. తలుపులకీ గ్రిల్స్‌కీ వేసే ఎనామిల్ సంగతి వేరు. అందులోని ద్రావకం ఎగిరిపోయాక మిగిలినది గాలిలోని ఆక్సిజన్ తీసుకుని గట్టిపడాలి. చేతికి అంటకుండా ఉండడానికే ఆరు నుంచి ఎనిమిది గంటలు, రెండో కోటుకి ఇంచుమించు ఒక రోజు కావాలి. గాలి ఆడని గదిలో ఎనామిల్ వేస్తే రోజులు గడిచినా జిగట వదలదు. అందుకే మొదటి రోజే తలుపు రెక్కలు ఊడదీసి, గాలి తగిలే చోట బల్లల మీద పరిచి వాటి పని మొదలుపెట్టు. అవి ఆరేలోపు సీలింగు, గోడలు అయిపోతాయి.

డబ్బా మీద రాసిన గంటలు సాధారణంగా 25 డిగ్రీల వేడి, 50 శాతం తేమ దగ్గర లెక్కగట్టినవి. ముసురు పట్టిన రోజున అది రెట్టింపైనా కంగారు పడకు.

ఇక గోడ. తడి గోడ మీద వేసిన రంగు ఆరదు, ఆరినట్టు కనిపించినా తర్వాత పొక్కులొస్తాయి. అనుమానం ఉంటే మూరెడు చదరం ప్లాస్టిక్ కవరు గోడకి ఆనించి, నాలుగు అంచులా టేపు వేసి మర్నాటిదాకా వదిలెయ్. తీసినప్పుడు కవరు లోపలి వైపు నీటి బొట్లు ఉన్నా, అక్కడ గోడ రంగు మారి కనిపించినా ఇంకా చెమ్మ ఉన్నట్టే. అది ఎక్కడి నుంచి వస్తోందో చూసి సరిచేయకుండా బ్రష్ ముట్టుకోకు. కొత్తగా ప్లాస్టరింగ్ చేసిన గోడకైతే కనీసం 28 రోజులు ఆగాలి. గోడ నునుపుకి పట్టించే పుట్టీ, రంగుకి ముందు వేసే ప్రైమర్ కూడా పూర్తిగా ఆరాకే పైది. దుమ్ము వదలడానికి గోడ కడిగావా, ఆ రోజు రంగు వేయకు.

అన్నిటికన్నా ఎక్కువ చెప్పాల్సింది కోటు మందం గురించి. తొందరలో ఉన్నవాళ్లందరూ చేసేది ఒకటే: రెండు కోట్లు ఎందుకు, ఒకటే దట్టంగా లాగించేద్దాం అనుకుంటారు. దట్టంగా వేస్తే పాల మీద మీగడ కట్టినట్టు పైన పొర కడుతుంది, లోపలి తడికి బయటికి దారి ఉండదు. పైకి ఆరినట్టే ఉంటుంది, వేలితో నొక్కితే కింద మెత్తగా జారుతుంది. ఎనామిల్ అయితే ముడతలు పడుతుంది. అప్పుడది పూర్తిగా గట్టిపడేదాకా ఆగి, గీకి, ఎమరీ పేపరు కొట్టి మళ్లీ వేయాలి. ఆదా అనుకున్న గంటలకి బదులు రోజులు పోతాయి. పలచటి రెండు కోట్లు, మధ్యలో ఆరే టైముతో కలిపి చూసినా, ఒక దట్టమైన కోటు కన్నా ముందే ఆరతాయి.

రోలర్‌ని ట్రేలో ముంచాక ట్రే ఏటవాలు మీద నాలుగైదు సార్లు దొర్లించు. గోడ మీదకి తెచ్చేటప్పుడు బొట్టు కారకూడదు. గోడ మీద దొర్లుతున్నప్పుడు చపచపమని శబ్దం వస్తుంటే రంగు ఎక్కువైనట్టు. మూలల్లో, తలుపు చట్రాల అంచుల్లో రంగు పేరుకుంటుంది, ఆఖరున ఆరేవీ అవే. ఒక గోడ పూర్తవగానే అంచుల వెంట ఒట్టి బ్రష్ ఒకసారి లాగితే ఆ పేరుకున్నది పోతుంది. అలాగని కంపెనీ చెప్పిన కొలత దాటి నీళ్లు పోసి పలచన చేయకు. ఆరబెట్టాల్సిన నీళ్లు పెరుగుతాయి, పాత రంగు కింది నుంచి కనబడుతుంది, మూడో కోటు తప్పదు.

గాలి విషయానికొస్తే, ఎదురెదురు కిటికీలు తెరువు. పెడెస్టల్ ఫ్యాను తడి గోడకేసి పెట్టకు, దాన్ని కిటికీ దగ్గర బయటి వైపు తిప్పి పెట్టు. తేమ నిండిన గాలి బయటికి పోయి కొత్త గాలి వస్తుంది. అంతకు ముందే నేల తుడిచెయ్, లేదంటే లేచిన దుమ్మంతా తడి రంగు మీదే వాలుతుంది. బయట వాన పడుతుంటే మాత్రం కిటికీలు మూసి, ఏసీ ఉంటే డ్రై మోడ్‌లో పెట్టు. అది గదిలోని తేమని లాగేస్తుంది. అయితే ఇది ఎమల్షన్‌కే. ఎనామిల్ వేసిన చోట వాసన బయటికి పోయే దారి ఉండి తీరాలి. గాలిలో తేమ 85 శాతం దాటిన రోజున ఆ పనే పెట్టుకోకు. పొద్దున్నే మొదలుపెట్టి మధ్యాహ్నానికి ముగిస్తే, సాయంత్రం చల్లబడి తేమ పెరిగేలోపు మొదటి కోటు చాలావరకు ఆరిపోతుంది.

ఎండ తగిలితే ఇంకా తొందరగా ఆరుతుందని అనుకోకు. నేరుగా ఎండ పడే గోడ మీద పైపొర మరీ తొందరగా ఆరి రోలర్ చారలు తేలతాయి, పొక్కులు కూడా రావచ్చు. మంటతో వేడినిచ్చే హీటర్లు అసలే వద్దు. గ్యాస్, కిరోసిన్ మండితే నీటి ఆవిరి కూడా పుడుతుంది, పైగా ఎనామిల్ ద్రావకం ఆవిరికి నిప్పు అంటుకుంటుంది. టచప్ చేసిన చిన్న మచ్చకి మాత్రం హెయిర్ డ్రయర్ తక్కువ వేడిలో, అడుగు దూరం నుంచి కదుపుతూ పట్టొచ్చు.

ఎనామిల్‌లో తొందరగా ఆరడానికి పోసే డ్రయ్యర్ మందు కలిపితే బాగుంటుందని ఎవరైనా చెప్పినా వినకు. కంపెనీ వాళ్లు తగినంత కలిపే పంపుతారు. ఇంకా పోస్తే పైపొర బిగుసుకుని ముడతలు పడుతుంది.

రెండో కోటుకి ముందు, తలుపు వెనకాల లాంటి కనబడని చోట బొటనవేలితో నొక్కి కొంచెం తిప్పి చూడు. గుర్తు పడినా, రంగు కదిలినా ఇంకో గంట ఆగు. నువ్వు ఎంచుకున్న ముదురు నీలం గోడ లేత రంగుల కన్నా ఆలస్యంగా ఆరుతుంది, దానికి ఒక రోజు ఎక్కువే ఉంచుకో.

ఆదివారం సామాను పెట్టుకోవచ్చు, కానీ బీరువా, సోఫా గోడకి నాలుగు వేళ్ల ఎడంగా ఉంచు. చేతికి ఆరడం వేరు, లోపలిదాకా గట్టిపడడం వేరు. దానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. అప్పటిదాకా గోడని తడిగుడ్డతో తుడవకు, మరక పడినా సరే. తలుపులు బిగించాక మొదటి కొన్ని రోజులు గట్టిగా మూయకుండా ఓరగా ఉంచు, లేకపోతే రెక్క చట్రానికి అతుక్కుని, తీసినప్పుడు రంగు ఊడివస్తుంది. ఎనామిల్ తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేయకు, వాటంతటవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. ఆరుబయట విడివిడిగా పరిచి ఆరబెట్టాకే పారెయ్.

గోడలో చెమ్మ కనిపిస్తే మాత్రం రంగు మొదలుపెట్టకముందే ఫోన్ చెయ్, నేనే వచ్చి చూస్తాను.

మీ పెదనాన్న